మొవ్వు చూసి చెప్పండి: కోనసీమలో మేం మొదలుపెడుతున్న ఉద్యమ ప్రణాళిక

1996 నవంబరు 6 రాత్రి గాలి వచ్చి పోయాక, తెల్లారి తోటల్లోకి వెళ్ళి చూసినవాళ్ళు మా మధ్య ఇంకా ఉన్నారు. పడిపోయిన కొబ్బరిచెట్ల సంగతి తేలిగ్గానే తేలింది, దుంగలు కోసి అమ్ముకున్నారు. తికమకంతా నిలబడ్డ చెట్లతోనే వచ్చింది. మట్టలు తెగి, కాయలు రాలి, నెత్తిమీద జుట్టు పీకేసినట్టున్న చెట్టు బతికుందో పోయిందో కింద నించుని చెప్పలేం. దింపు తీసే మనిషి పైకెక్కి మొవ్వు చూడాలి. కొబ్బరికి పక్క కొమ్మలు లేవు, నడినెత్తిన ఉన్నది ఒక్క మొవ్వే. అది కుళ్ళితే చెట్టు పోయినట్టే. అది పచ్చగా ఉంటే మాత్రం మట్టలెన్ని తెగినా నెలకో ఆకు చొప్పున మళ్ళీ వేసుకుంటుంది.

రైతుకి ఇంకో సంగతి కూడా తెలుసు. గాలి పోయిన ఏడాది కాపు తగ్గిందంటే ఎవరికైనా అర్థమవుతుంది. రెండో ఏడు, మూడో ఏడు కూడా గెలలు వట్టిపోతుంటే కొత్తగా తోట కొన్నవాడు కంగారుపడతాడు. ఇవాళ విచ్చుకున్న గెల చెట్టు కడుపులో పడి రెండున్నరేళ్ళు దాటి ఉంటుంది. విచ్చుకున్నాక కాయ ముదరడానికి మరో ఏడాది. అంటే ఇవాళ్టి దెబ్బ రెండేళ్ళ తరవాతి గెలలో కూడా కనబడుతుంది. అందుకే ఇక్కడి రైతు, గాలి కొట్టిన చెట్టుకి మూడేళ్ళు గడువిస్తాడు. ఎరువేస్తాడు, నీరు పెడతాడు, పక్కింటాయన నవ్వినా నరకడు.

అదే రైతు, పదో తరగతి తప్పిన కొడుక్కి మూడు రోజులు గడువివ్వడు.

ఈ మాట అన్నది మేం కాదు, మాలో ఒక రైతే. కొత్తపేట వైపు నాలుగెకరాల తోట ఉన్నాయన. తన ఇంట్లో జరిగిందే చెప్పుకుంటూ అన్నాడు. ఆ సాయంత్రం ఆ మాట దగ్గరే ఈ ప్రణాళిక మొదలైంది.

మేమెవరమంటే, రిటైరైన లెక్కల మాస్టారు ఒకరు, ఆ కొబ్బరి రైతు, కువైట్‌లో తొమ్మిదేళ్ళు ఇంటిపని చేసి తిరిగొచ్చిన ఒక అక్క, ఇద్దరు నర్సులు, ఒక పాస్టరు గారు, దింపు పని చేసే అన్నదమ్ములు, ఇంటర్ సప్లిమెంటరీలో గట్టెక్కి ఇప్పుడు డిగ్రీ చదువుతున్న అయిదుగురు పిల్లలు. అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కలవాళ్ళం. ఉద్యమానికి పేరేం పెట్టాలని రెండు సాయంత్రాలు పోట్లాడుకుని ఆ పని వాయిదా వేశాం. పేరు లేకపోతే బ్యానర్ కట్టక్కర్లేదని నర్సమ్మగారు సంతోషించారు.

మేం చూసిన ఒక మధ్యాహ్నం గురించి చెప్పాలి. ఏప్రిల్ నెల, రాజోలు. నెట్ సెంటర్ ముందు పిల్లలు మూగారు. అప్పటికే ఫోన్లలో ఫలితం చూసేసుకున్నారు. అయినా కాగితం మీద వస్తే మారుతుందేమోనని వచ్చినట్టున్నారు. ఒక అబ్బాయి ప్రింటు తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకుని కాలవ గట్టు వైపు నడిచాడు. మా దింపు అన్నదమ్ముల్లో పెద్దవాడు అక్కడ సైకిలు ఆపుకుని బీడీ కాల్చుకుంటున్నాడు.

"ఏరా అబ్బాయ్, ఎన్ని పోయినయ్?"

"రెండండి."

"ఏయ్యి?"

"లెక్కలు, ఫిజిక్సండి."

"ఆయ్. అన్నం తిన్నావా?"

అబ్బాయి తల అడ్డంగా ఊపాడు. ఇద్దరూ బడ్డీ కొట్టు దగ్గర పెసరట్టు తిన్నారు. ఆయన ఒక్క నీతి కూడా చెప్పలేదు, ఆయనకి తెలిసినవి లేవు కూడా. సైకిలు వెనక ఎక్కించుకుని ఇంటిదాకా దింపి, అరుగు మీద కూచుని వాళ్ళ నాన్న వచ్చేదాకా ఉన్నాడు. నాన్న రాగానే చెయ్యి లేచింది. "ఉండండి బాబూ, పిల్లోడు పొద్దుటినుంచీ ఏమీ తిన్లేదు, ఇప్పుడే తిన్నాడు" అన్నాడీయన. లేచిన చెయ్యి దిగింది. అంతే జరిగింది. ఆ అబ్బాయి ఇప్పుడు మా అయిదుగురిలో ఒకడు.

మా ఉద్యమమంతా ఆ రెండు గంటలే. దాన్ని ఒక మనిషి మంచితనానికీ, ఆ రోజు సైకిలు అక్కడ ఆగి ఉండడానికీ వదిలెయ్యకుండా, ప్రతి ఊళ్ళోనూ ముందే ఏర్పాటు చేసిపెట్టడం మా పని.

ముందే అన్న మాట ఎందుకు వత్తి పలుకుతున్నామో గోదావరి లంకల్లో ఉన్నవాళ్ళకి విడమరచి చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరికకే కనకాయలంక కాజ్‌వే సంగతి కనుక్కుంటాం, పశువుల్ని గట్టెక్కిస్తాం, పడవ ఎవరిదో, సరంగు ఎవరో చూసుకుంటాం. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన వరద తెలిసినవాళ్ళెవరూ, నీళ్ళు గడప తాకాక "ధైర్యంగా ఉండు నాయనా, ఈదగలవు" అని బోధ చెయ్యరు. పడవ పంపుతారు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటే ముందే వేలమందిని పునరావాస కేంద్రాలకి చేర్చారు. 1996లో అలాంటి ఏర్పాటు సరిగా లేక వెయ్యిమందికి పైగా పోయారు. రెండు గాలుల బలం ఒకటి కాదు, అది ఒప్పుకోవాలి. కాని సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళకి ఈ ముప్ఫై ఏళ్ళలో గుండె ధైర్యమేం పెరగలేదు, పెరిగింది ఏర్పాటు.

పిల్లల విషయంలో మనకి ఒక్క హెచ్చరికా లేదు. ఫలితాల తేదీ మాత్రం ముందే అందరికీ తెలుసు. 2025లో రాష్ట్రంలో పదో తరగతి పాసైనవాళ్ళు 81.14 శాతం. అంటే నూటికి పందొమ్మిది మంది తప్పుతారని ముందే తెలిసిన వరద ఇది. ఆ రోజు కాలేజీలు ర్యాంకుల ఫ్లెక్సీలు కట్టుకోవడంలో ఉంటాయి, పేపర్లు మిఠాయి తినిపించే ఫొటోలలో ఉంటాయి. పందొమ్మిది మంది కోసం ఒక్క పడవ లేదు. దేశం మొత్తం మీద 2022లో ప్రాణాలు తీసుకున్న విద్యార్థులు 13,044 మంది అని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ప్రతి ఒక్కరి వెనకా ఒక్కటే కారణం ఉండదు, పరీక్ష ఒక్కటే కారణమని మేం అనం. చాలామంది లోపల ఎన్నాళ్ళుగానో నలిగి ఉంటారు. ఆ నలుగుడు చూసే కన్ను ఊళ్ళో లేదన్నదే మా బాధ.

ధైర్యం గురించి మాకో గట్టి అభిప్రాయం ఉంది, కొందరికి నచ్చదు. అది పిల్లాడి రక్తంలో పుట్టేది అని మేం నమ్మం. హవాయి దీవుల్లో కవాయ్ అనే దీవి ఉంది. చెరకు, అనాసతోటల్లో కూలికి వచ్చినవాళ్ళ పిల్లలు అక్కడ చాలామంది. 1955లో ఆ దీవిలో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె జట్టు నలభై ఏళ్ళు వెంబడించి చూశారు. పేదరికం, తాగుడు, ఇంట్లో గొడవలు, ఇలా అన్ని కష్టాలూ ఒక్కచోటే పడ్డ పిల్లల్లో కూడా మూడో వంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్ళకి కలిసొచ్చినవాటిలో పదే పదే కనబడ్డది, తనని పట్టించుకునే ఒక్క పెద్ద మనిషి. అమ్మానాన్నలే కానక్కర్లేదు. అమ్మమ్మ కావచ్చు, టీచరు కావచ్చు, పక్కింటివాళ్ళు కావచ్చు. చుట్టూ నీళ్ళున్న ఊళ్ళమే కాబట్టి ఆ దీవి సంగతి మాకు దగ్గరగా అనిపించింది.

బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ ఫొటో పెట్టుకుని పోస్టర్ వెయ్యమని చాలామంది సలహా ఇచ్చారు. అమలాపురం కుర్రాడు, ఎవరికి గర్వంగా ఉండదు? కాని ఆ కథ పూర్తిగా చెప్పాలి. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో సాత్విక్, అతని జోడీ చిరాగ్ శెట్టి గ్రూపులో మూడు మ్యాచ్‌లకి రెండు గెలిచారు. గెలిచినవాటిలో ఒకటి, చివరికి స్వర్ణం పట్టుకెళ్ళిన తైవాన్ జంట మీదే. అయినా మూడు జంటలు సమానమై, గేముల లెక్కలో వీళ్ళు ఇంటికి వచ్చేశారు. అంతకంటే అన్యాయంగా ఓడడం కష్టం. ఆ తరవాత 2022లో థామస్ కప్, 2023లో ఆసియా క్రీడల స్వర్ణం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పతకం ఖాయమనుకుంటే క్వార్టర్స్‌లో మలేషియా జంట చేతిలో, మొదటి గేము గెలిచి కూడా, ఓటమి. 2025 ఫిబ్రవరిలో సాత్విక్ నాన్నగారు పోయారు. ఆ ఆగస్టులో ప్రపంచ పోటీలు అదే పారిస్‌లో, అదే స్టేడియంలో జరిగాయి. క్వార్టర్స్‌లో అదే మలేషియా జంట ఎదురైంది. ఈసారి రెండు వరస గేముల్లో గెలిచి కాంస్యం తెచ్చుకున్నారు.

పోస్టర్ మీద ఇది "పట్టుదల" అనే ఒక్క మాటగా మారిపోతుంది. మాకు కనబడేది వేరు. వ్యాయామ ఉపాధ్యాయుడైన నాన్న, ఇంట్లోనే ఆట, ఆ తరవాత హైదరాబాదులో గోపీచంద్ అకాడమీ, పక్కన ఓడినప్పుడల్లా తనతోపాటే ఓడిన చిరాగ్. ఆ కుర్రాడి చెయ్యి పడిపోకుండా పట్టుకున్న చేతులన్నీ లెక్కపెట్టండి. పోస్టర్ చూసే లంక పిల్లాడికి వాటిలో ఎన్ని ఉన్నాయో కూడా లెక్కపెట్టండి. రెండో లెక్క తేలాకే పోస్టర్ వేద్దాం.

ఆ లెక్క వేస్తే కులం, భూమి పైకి వస్తాయి, రాకుండా ఉండవు. సప్లిమెంటరీ ఫీజు అందరికీ ఒకటే. తోట ఉన్న ఇంటి పిల్లాడు తప్పితే రాజమండ్రిలో కోచింగు, మళ్ళీ తప్పితే ఇంకో కోర్సు. కూలికి వెళ్ళే ఇంటి పిల్లాడు తప్పితే మర్నాడు రొయ్యల చెరువు గట్టు మీద కాపలా. ఆడపిల్ల తప్పితే సంబంధం చూస్తారు. ఒకే మార్కుల కాగితం, ముగ్గురికీ మూడు రకాల శిక్షలు. 2022 మే 24న జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో జరిగిన అల్లర్లని ఎవరూ మరిచిపోలేదు. ఆ రోజు ఎవరి పిలుపు మీదనో రోడ్డెక్కి, తరవాత కేసుల్లో పేర్లెక్కి, ఉద్యోగమన్నా పాస్‌పోర్టన్నా గుండె గుబేలుమనే కుర్రాళ్ళు మా ఊళ్ళల్లో ఉన్నారు. వాళ్ళ చేతుల్లో నష్టపోయినవాళ్ళూ మా ఊళ్ళల్లోనే ఉన్నారు. మా సమావేశంలో రెండు వైపులవాళ్ళూ ఒకే బెంచీ మీద కూచోవాలి. అందుకు ఒప్పుకోనివారు మాతో రావద్దు. ఇది మొదటి షరతు, దీనికి మినహాయింపు లేదు.

ఇక రెండో షరతు, అబద్ధం చెప్పకూడదన్నది. "తప్పితే ఏమైందిరా, మార్కులదేముంది" అని పెద్దమనసుతో అనేవాళ్ళున్నారు. పదో తరగతి లేనివాళ్ళ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (వలస అనుమతి అవసరం) ముద్ర పడుతుంది, గల్ఫ్‌కి పనికి వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి, ముప్ఫై ఏళ్ళు నిండని ఆడమనిషికి ఆ ముద్రతో ఇంటిపనికి అనుమతి రాదు. మా కువైట్ అక్కకి ఇవన్నీ కంఠతా వచ్చు. కాబట్టి ఏమీ కాలేదని మేం చెప్పం. దెబ్బ తగిలింది, ఇంత లోతు తగిలింది, దీనికి ఇన్నాళ్ళు పడుతుంది, ఇదిగో తరవాతి మెట్టు అని చెబుతాం. దెబ్బ చూసి చెప్పడం వేరు, దెబ్బే లేదనడం వేరు. పిల్లలకి ఆ తేడా మనకంటే బాగా తెలుసు.

ఇక చెయ్యబోయే పనులు. వక్తల్ని పిలిచి సభలు పెట్టం. మైకు పట్టుకుని "నువ్వు సింహానివి" అని అరిచే కార్యక్రమాలకి ఇక్కడి పిల్లలు ఇప్పటికే చాలా చప్పట్లు కొట్టారు.

ఇంటర్, పదో తరగతి ఫలితాల రోజుల్లో మూడు ఊళ్ళ నెట్ సెంటర్ల దగ్గర, బస్టాండుల దగ్గర మా మనుషులు కుర్చీ వేసుకుని కూచుంటారు. ఎన్ని పోయాయి, తిన్నావా, ఇంటికి కలిసి వెళ్దామా, ఈ మూడే అడుగుతారు. సలహా అడిగితే తప్ప ఇవ్వరు. ఇంటికి వెళ్ళినవాళ్ళు నాన్న వచ్చేదాకా అరుగు దిగరు. ఆ రాత్రి పిల్లల్ని ఒంటరిగా పడుకోనివ్వద్దని ఇంట్లో చెబుతారు. మాట తేడాగా ఉందని, చచ్చిపోవాలనే ధోరణి వినబడుతోందని అనిపిస్తే నర్సమ్మగారికి కబురు చేస్తారు. టెలీ మానస్ 14416 నంబరుకి అక్కడికక్కడే ఫోన్ కలుపుతారు. అది ప్రభుత్వానిది, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు కాగితం మీద రాసి అప్పుడే జేబులో పెట్టుకోండి.

ఆ మర్నాటి నుంచీ సప్లిమెంటరీ దాకా నెల రోజులు సాయంత్రం పాఠాలు, లెక్కలు, ఇంగ్లీషు ముందు. మాస్టారు గారు ఇంకో ముగ్గుర్ని పట్టుకున్నారు. ఫీజు కట్టలేనివాళ్ళది మేం కడతాం. ఎవరిది కట్టామో మాలోనే ఇద్దరికి తప్ప తెలియదు. రుణ యాప్‌లు, ఆన్‌లైన్ పందేల్లో డబ్బు పోగొట్టుకుని మాట్లాడలేక మూలన కూచున్న కుర్రాళ్ళ సంగతి వేరుగా చూడాలి. దానికి బ్యాంకులో పనిచేసి వచ్చిన మనిషి ఒకరు కావాలి, ఇంకా దొరకలేదు.

ఆడపిల్ల తప్పిన ఇంట్లో ఏడాదిపాటు పెళ్ళి మాట ఎత్తకూడదని ఇంటింటికీ తిరిగి అడుగుతాం. పురోహితుల్ని, పాస్టర్లని, మసీదు పెద్దల్ని కూడా మా తరఫున అడగమని అడుగుతాం. పాస్టరు గారు ఈ మాట ఆదివారం చెబుతానన్నారు. ఈ పని అన్నిటికంటే కష్టమని మాకు తెలుసు.

సంక్రాంతికి హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి, గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి కార్లేసుకుని వచ్చేవాళ్ళకి ఒక విన్నపం. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి పదకొండు ఊళ్ళ ప్రభలు వస్తాయి. అందులో గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభల్ని భుజాల మీదే కౌశిక కాలవ దాటిస్తారు. నీళ్ళలో ఒకడి భుజం జారితే ఇంకోడు దూరిపోతాడు, ఎవరు జారారని ఆ రాత్రి ఎవరూ లెక్క చెప్పుకోరు. మీరూ అలా ఒక భుజం పట్టండి: తీర్థం మర్నాడు మీ ఊరి రావిచెట్టు కింద పిల్లలతో ఒక గంట కూచోండి. జీతం ఎంతో చెప్పక్కర్లేదు, కారు చూశారు కాబట్టి వాళ్ళకి తెలుసు. ఏ పరీక్ష తప్పారో, ఏ ఏజెంటు మోసం చేశాడో, ఎన్నిసార్లు ఊరికి వచ్చేద్దామనుకున్నారో చెప్పండి. వీడియో తియ్యం.

కాలేజీలకి, కోచింగు సెంటర్లకి చెప్పేది మా సొంత కోరిక కాదు. విశాఖలో చదువుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని తండ్రి వేసిన కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకు మించి పిల్లలున్నచోట శిక్షణ ఉన్న కౌన్సెలర్ ఉండాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టకూడదు, నలుగురిలో అవమానించకూడదు. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్ళలో, తరగతుల్లో పెద్ద అక్షరాలతో కనబడాలి. మేం ప్రతి కాలేజీకీ వెళ్ళి మర్యాదగా గోడ చూస్తాం. లేకపోతే బోర్డు మేమే రాసి తెస్తాం, మేకు మాత్రం వాళ్ళే కొట్టాలి.

విలేకరుల్ని అడిగేది ఒకటే. ఎక్కడైనా ఘోరం జరిగితే పేరు, ఫొటో, ఎలా జరిగిందన్న వివరం వెయ్యకండి. ఆ స్థలంలో సప్లిమెంటరీలో పాసైన పిల్లాడి గురించి రాయండి, మనుషుల్ని మేం చూపిస్తాం.

డబ్బు సంగతి. నెలకి తలా యాభై రూపాయలు. ఏ పార్టీ దగ్గరా, ఏ కాలేజీ దగ్గరా తీసుకోం. ఖర్చు బడ్డీ కొట్టు గోడ మీద ప్రతి నెలా రాస్తాం. ఏ నాయకుడి ఫొటో ఉండదు, మాది కూడా. మూడేళ్ళ తరవాత పని జరిగిందా లేదా చూసుకుని, జరగకపోతే మూసేసి ఆ సంగతి కూడా అదే గోడ మీద రాస్తాం. మూడేళ్ళు ఎందుకో మొదట్లోనే చెప్పాం.

మొదటి పని, రాబోయే ఇంటర్ ఫలితాల రోజు. పొద్దున్న తొమ్మిదింటికల్లా అమలాపురం గడియారస్తంభం దగ్గర ఆరుగురు, రాజోలులో నలుగురు, కొత్తపేటలో నలుగురు ఉండాలి. టెంట్ హౌస్ ఆయన కుర్చీలు ఊరికే ఇస్తానన్నాడు. టీ కాచే బాధ్యత ఎవరిదో తేలక గంటసేపు నడిచింది. చివరికి కువైట్ అక్క తనే కాస్తానని ఒప్పుకుని, లేవబోతూ అంది: "పంచదార తక్కువెయ్యమని మాత్రం చెప్పకండి. ఆ రోజు పిల్లలెవరూ ఏమీ తిని వచ్చుండరు."